కుండలోంచి వచ్చిన గొంతు

ఒమన్‌లోని సలాలాలో వానాకాలం చూడ్డానికి వచ్చేవాళ్లకు పండగేమో గానీ, టేప్‌రికార్డరు ఉన్నవాడికి నరకం. కొండల మీంచి దిగిన జల్లు నెలల తరబడి కదలదు. లుంగీ ఆరదు, అగ్గిపుల్ల వెలగదు. ఆ తేమకే నా రికార్డరులోని స్పీకరు కాగితం మెత్తబడి చిరిగింది. అదీ సరిగ్గా ఇంటినుంచి క్యాసెట్ వచ్చినప్పుడే. నా ఖర్మ కాకపోతే ఏమిటి!

డెబ్భైల చివరి రోజులవి. మా కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కూలీలకు ఉత్తరాల బదులు క్యాసెట్లు నడిచేవి. సెలవు మీద వెళ్లినవాడు రికార్డరు చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి అందరి మాటలూ పట్టి తెచ్చేవాడు. నా క్యాసెట్‌లో ముందు మా బాపు, ఆ తర్వాత మా అమ్మ. ఒమన్ చాలా దూరం కదా, మెల్లగా మాట్లాడితే చేరదనుకుని ఇద్దరూ గొంతు చించుకుని అరిచారు. చిరిగిన స్పీకరులో కూడా వాళ్ల మాటలు వినబడ్డాయి. చివర నా భార్య. కాసేపు ఏదో గుసగుస, ఒక్క ముక్కా అర్థం కాదు. ఆ తర్వాత ఉన్నట్టుండి గట్టిగా, "అందరం మంచిగున్నం. పైలం," అని జాగ్రత్త చెప్పింది. అంతే. ఆ గుసగుసలో ఏముందో తెలియక నాకు అన్నం సహించలేదు. అడిగి తెచ్చుకుందామంటే ఆ తేమకు క్యాంపులో ఇంకో రికార్డరూ పలకడం లేదు.

బజారుకు పోయి రేడియోలు బాగుచేసే కొట్లో ఒక కొత్త స్పీకరు కొన్నాను. ఉత్తదే, పెట్టె లేదు. అది పెద్దది, నా రికార్డరులో పట్టదు. వైరు కలిపి బయట పెడితే దోమ పాడినట్టుంది.

"పెట్టె కట్టాలండీ, లేకపోతే పలకదు," అన్నాడు మా రూమ్‌లోని కాకినాడ ఎలక్ట్రీషియన్. పెట్టెకు చెక్క ఎక్కడిది? పెద్ద కొబ్బరికాయ చిప్పలో బిగించాడు. అందులో మా బాపు గొంతుకు జలుబు చేసింది. నెయ్యి డబ్బాలో బిగించాడు. బాపు మేకులు నములుతూ మాట్లాడాడు. "కొంచెం మెరుగైందండీ," అని ఎలక్ట్రీషియన్ తన పనిని తానే మెచ్చుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా మేస్త్రి ఊరుకుంటాడా? మా పక్క ఊరివాడే, నాకంటే పెద్ద. సైట్ నుంచి మనిషెత్తు సిమెంటు పైపు మోసుకొచ్చి మూలన నిలబెట్టాడు. "గిండ్ల పెట్టు తమ్మీ, గొంతు ఎట్ల లేస్తదో సూడు." లేచింది. మా అమ్మ గొంతు చచ్చిపోయిన మా తాత గొంతులా వచ్చింది. రూమంతా పడీపడీ నవ్వారు. నవ్వరా మరి, వాళ్ల భార్యల మాటలా ఏమన్నా!

ఆఖరికి మేస్త్రి కన్ను మంచినీళ్ల కుండ మీద పడింది. రంపం బ్లేడుతో కుండ పక్కన గుండ్రంగా కోసి, స్పీకరు పెట్టి, సందుల్లో చపాతీ పిండి మెత్తాడు. "మరి నీళ్లెక్కడ తాగుతారండీ?" అని ఎలక్ట్రీషియన్ గొణిగాడు. మొదటిసారి కుండ గుయ్యిమంది. నా దిండు చించి దూది కూరితే గుయ్యి తగ్గింది. పిండికి చీమలు పట్టాయి. దులిపి మళ్లీ మెత్తాం. తల ప్రాణం తోకకొచ్చింది.

శుక్రవారం, డ్యూటీ లేదు. కుండ పలుకుతుందట అని పక్క రూముల వాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. నాకు బాపు అరుపులు వినే ఓపిక లేదు. టేపును నేరుగా నా భార్య దగ్గరికి తిప్పి, సౌండు మొత్తం పెంచి, బటన్ నొక్కాను.

ఎంత బాగా పలికిందో ఆ కుండ! ఆమె ఊపిరి కూడా వినబడింది.

"ఇది మీరొక్కలే ఉన్నప్పుడు వినుండ్రి."

క్యాంపు మొత్తానికి వినబడి ఉంటుంది. గబుక్కున ఆపేశాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మేస్త్రి తువ్వాలు నెత్తిన వేసుకుని జల్లులోకి నడిచాడు. ఆయన వెనకే అందరూ లేచారు. ఎలక్ట్రీషియన్ తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు.

సౌండు తగ్గించి, కుండకు చెవి ఆనించి మళ్లీ నొక్కాను.

"మీతోని ఒక మాట చెప్పాలె. ఎవ్వలకూ చెప్పలే." గాజుల చప్పుడు. "ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. మొన్న..." మళ్లీ ఆగింది. "ఆగుండ్రి, అత్తమ్మ వస్తున్నది."

ఆ వెంటనే గట్టిగా, "అందరం మంచిగున్నం. పైలం."

ఆ కుండను ఎత్తి నేలకేసి కొడదామన్నంత కోపం వచ్చింది. పాపం, దాని తప్పేముంది?

తలుపు తీశాను. అందరూ జల్లులో తడుస్తూ గోడవారగా నిలబడి ఉన్నారు.

"ఏమన్నది తమ్మీ?" అన్నాడు మేస్త్రి.

"మంచిగున్నరట అన్నా."

సెలవు దొరికి ఇంటికి పోయిన రోజునే అడిగాను, ఆ రోజు ఏం చెప్పబోయావని. ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"గిన్నొద్దులకు అడుగుతున్నరా? నాకు యాదికి లేదు," అంది.