ఎలుకల కాళ్ళకు వెన్న

డెబ్బైల చివరి రోజులు. సమ్మె వచ్చి యూనివర్సిటీ మూసేశారు. ఎలుకలకు మేత పెట్టే మనిషి కూడా రావడం మానేశాడు. చేసేది లేక నా రిసెర్చి తాలూకు తెల్ల చిట్టెలుకలను బోనులతో సహా బస్సెక్కించి మా ఊరు నర్సీపట్నం తెచ్చేశాను. పక్క సీటాయన దారిపొడుగునా కాళ్ళు పైకి ముడుచుకునే కూర్చున్నాడు.

నా పనేమిటో చెప్తే నవ్వుతారు గాని చెప్తాను. కొయ్యూరు కొండల్లో దెబ్బలకు నూరి కట్టే వేరు ఒకటుంది. దాని రసం నిజంగా నొప్పి తగ్గిస్తుందా లేదా తేల్చాలి. నొప్పిగా ఉందండీ అని ఎలుక చెప్పదు కదా. అందుకని దాన్ని వేడి రాగి పలక మీద నిలబెడతాం. చురుక్కుమనగానే అది పాదం నాక్కుంటుంది. వెంటనే స్టాప్‌వాచ్ నొక్కి దాన్ని తీసేస్తాం. రసం తాగిన ఎలుక ఆలస్యంగా నాకితే మందు పనిచేసినట్టు.

పెరటి గదిలో పని మొదలుపెట్టాను. రసం తాగిన ఎలుకలు పలక మీద పెళ్ళివారిలా తీరిగ్గా నిలబడేవి. నేను గాల్లో తేలిపోయాను. వచ్చి చూడమని గైడు గారికి కబురు పెట్టాను. ఆయనకు ఈ వేరు మీద మొదట్నుంచీ గురి లేదు. అది పనిచేయకపోతే సబ్జెక్టు మార్చాల్సిందేనని ముందే చెప్పారు.

సరిగ్గా ఆయన వచ్చే రోజు పొద్దున్నే అంతా తలకిందులైంది. రసం తాగినవీ తాగనివీ అన్నీ పలక మీద పెట్టీ పెట్టగానే పాదాలు నాకడం మొదలెట్టాయి. పలక చల్లార్చి చూశాను. అప్పుడూ నాకుతున్నాయి. ఏడుపు ముంచుకొచ్చింది. ఒకదాన్ని పట్టుకోబోతే చేతిలోంచి జారిపోయింది. వేళ్ళు వాసన చూసుకున్నాను. వెన్న.

"అమ్మా, వీటి కాళ్ళకి ఏటి రాసేవు?"

అమ్మ కవ్వం చేత్తో పట్టుకునే వచ్చింది. "వెన్నే. అవి కాల్తంటే సూడలేకపోతన్నాను. నీ సిన్నప్పుడు సెయ్యి కాలితే రాయలేదేటి?"

అరుద్దామని నోరు తెరిచాను. నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఒక్కో ఎలుకనూ పట్టుకుని కాళ్ళు కడిగి తుడిచాను.

గైడు గారు వచ్చారు. అసలు పలక వేడెక్కిందా అని అనుమానపడి వేలు పెట్టి చూశారు. మరుక్షణం ఆ వేలు ఆయన నోట్లో ఉంది. అలవాటుకొద్దీ నేను స్టాప్‌వాచ్ నొక్కేశాను. ఆయన నన్ను చూశారు, వాచీని చూశారు, పొలమారేదాకా నవ్వారు. ఆలోగా అమ్మ వెన్న గిన్నె తెచ్చింది.

ఆ తర్వాత రసం తాగిన ఎలుకలు నా పరువు నిలబెట్టాయి. తీరిగ్గా నిలబడ్డాయి.

"ఇదే సబ్జెక్టు, కానివ్వమ్మా," అన్నారాయన. అమ్మవైపు తిరిగి, "మీరు వెన్న రాయకుండా ఉంటేనే మీ అమ్మాయికి డిగ్రీ వస్తుందండి," అన్నారు.

అమ్మ బేరానికి దిగింది. "ఏ రోజుకా రోజు పరీక్ష అయిపోయేక రాసి, మల్లీ పొద్దున్నే కడిగీస్తే పరవాలేదా అండీ?"

ఆయన వెన్న రాసిన తన వేలు చూసుకుని, "రాయండి," అన్నారు.

ఆ వేసవంతా అలాగే నడిచింది. నేను గదిలోకి వెళ్తే ఎలుకలన్నీ బోను మూలకు పోయేవి. అమ్మ గాజుల చప్పుడు వింటే చువ్వల దగ్గరికి వచ్చి నిలబడేవి.