అత్త గుల్లలకు పెట్టిన తవుడు

నిన్న పొద్దున్నే కాఫీ తాగుతుంటే, నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. మైక్రోస్కోపు కింద తీసిన ఫొటో. పసుపుపచ్చ మరకల మధ్య నీలం తిరిగిన నల్లటి చుక్కలు. కింద, "మేడమ్, పరాన్నజీవి దొరికేసిందండీ! రైతుకి ఫోన్ చేసి చెప్పేయనా?" అని. "ఎవరికీ ఏమీ చెప్పకు. వస్తున్నా" అని రాసి చెప్పులేసుకున్నాను. ముసలావిడకి చాదస్తం ముదిరిందని అనుకునే ఉంటుంది. అనుకోనీ. ఆ నల్ల చుక్కలు నాకు నేర్పిన పాఠం దానికింకా తెలియదు.

డాక్టరేటు చేతికొచ్చిన కొత్తలో బెంజ్ సర్కిల్ దగ్గర, ఒక సెల్‌ఫోన్ల షాపు పైనున్న చిన్న ల్యాబులో చేరాను. రొయ్యలు, చేపలు, ఆల్చిప్పల్లాంటి గుల్లలు పెంచేవాళ్ళు చచ్చినవాటిని డబ్బాల్లో పట్టుకొచ్చేవాళ్ళు. వాటికి ఏ రోగమో, ఏ జాతి పురుగు పట్టిందో చెప్పడం మా పని. నాతో పాటు అక్కడ స్లైడ్లు తయారుచేసే భాయ్ గారు ఉండేవారు. చదివింది పదో తరగతి. అరవై ఏళ్ళ మనిషి, మడత నలగని తెల్ల చొక్కా, మధ్యాహ్నం ఒంటిగంట కొట్టగానే తెరిచే మూడు గిన్నెల క్యారేజీ. నన్ను "డాక్టరమ్మగారూ" అనేవారు. అందులో గౌరవమెంతో, వేళాకోళమెంతో నాకు చివరిదాకా తేలలేదు. ఏ గుల్ల వచ్చినా ముందు మొప్పలు చూసేవారు, పేగు ఆఖర్న. "తిన్న పొట్టని నమ్మకూడదమ్మా, అందులో అన్నీ ఉంటాయి" అనేవారు. డాక్టరేటు ఉన్నదాన్ని, ఆ మాట నా చెవికెక్కుతుందా!

ఆ రోజుల్లోనే మా మేనత్త చల్లపల్లి దాటాక సముద్రం వైపున్న ఉప్పునీటి చెరువులో గుల్లల పెంపకం మొదలెట్టింది. మామయ్య పోయాక ఆ చెరువే ఆవిడ లోకం. మా అత్త సంగతి ఒక్కటి చెప్పాలి. ఇంటికొచ్చిన మనిషి అన్నం తినకుండా వెళితే ఆవిడకు ఆ రాత్రి నిద్ర పట్టదు. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాడు కూడా గోంగూర పచ్చడి కలుపుకుని, నెయ్యేసుకుని తినే కదలాలి. అలాంటి అత్త, గుల్లలు చచ్చిపోతున్నాయని ఒక డబ్బా నిండా పట్టుకొచ్చి, నా ముందు కూలబడి ఏడ్చింది. "ఎందుకే ఇలా అయిపోతున్నాయి? నువ్వే చూడవే తల్లీ, ఇంకెవర్నీ నమ్మను నేను."

గుల్లలో చిన్న ముక్క కోసి, మందునీళ్ళలో వారం నానబెట్టి, పైన అయోడిన్ చుక్క వేస్తే, ఆ పరాన్నజీవి ఉంటే నీలంగా, నల్లగా తేలుతుంది. నేను తొందరలో ఒక్క పేగుముక్కే కోసి పెట్టాను. ఎనిమిదో రోజు పొద్దున్న చూస్తే ఎక్కడ చూసినా నల్ల చుక్కలే. ఆ రోగం ఒక గుల్ల నుంచి ఇంకో గుల్లకు అంటుకుంటుంది, పక్క చెరువులకూ పాకుతుంది. అత్తకు ఫోన్ చేశాను. మొత్తం తీసేసి సున్నం గోతిలో పూడ్చేయాలన్నాను. "నువ్వు చెప్తే కాదంటానా" అంది.

మధ్యాహ్నం భాయ్ గారు క్యారేజీ తెరవబోతూ నా స్లైడు చూశారు. చాలాసేపు చూశారు. "డాక్టరమ్మగారూ, ఆ పురుగైతే బంతిలా గుండ్రంగా ఉంటుంది, చుట్టూ గోడ ఉంటుంది. వీటికి మూలలున్నాయండి" అన్నారు. ఆ తర్వాత తన క్యారేజీలోంచి ఒక్క మెతుకు తీసి గాజుపలక మీద నలిపి, అయోడిన్ చుక్క వేశారు. తెల్లటి మెతుకు చూస్తుండగానే నల్లబడిపోయింది. "మీ అత్తగారు వీటికేమైనా పెడుతున్నారా?" అని మెల్లగా అడిగారు. ఇంకేం పెడుతుంది! తవుడు. చేపల చెరువులో చల్లినట్టు గుల్లల చెరువులోనూ తవుడు చల్లుతూ ఉంటుంది. పేగులో ఉన్నది ఆ తవుడులోని బియ్యప్పిండి.

అత్త ఫోన్ ఎత్తలేదు. భాయ్ గారు తినని క్యారేజీ మూసి సంచిలో పెట్టుకుని, నాతో పాటు బస్సెక్కారు. కంకిపాడు రాకముందే ఇరవైసార్లు చేసుంటాను. చల్లపల్లిలో దిగి ఆటోలో చెరువు చేరేసరికి, కూలీలు మూడు బస్తాలు గోతిలో పోసి సున్నం చల్లేశారు. నాలుగో బస్తా భుజం మీద ఉంది. "ఆపండి!" అని నేను పెట్టిన కేకకు గట్టు మీదున్న కొంగలన్నీ లేచిపోయాయి.

భాయ్ గారు చెరువునీళ్ళు దోసిట్లోకి తీసుకుని వాసన చూశారు. "అక్కయ్యగారూ, రోగం కాదండి. మిగిలిన తవుడు నీళ్ళలో పులిసిపోయి వీటికి ఊపిరాడ్డంలేదు. వీటికి మనం పెట్టక్కర్లేదండి, ఆ నీళ్ళలో ఉన్నదే వడకట్టుకుని తింటాయి."

"అయ్యో, కడుపు మాడ్చుకుంటున్నాయేమోనని నేనే కదండీ అన్నయ్యగారూ..." అని అత్త గట్టు మీద కూర్చుండిపోయింది. కాసేపటికి గోతివైపు చూసి, "మరి అందులో పోసినవో?" అని నన్నడిగింది. ఆవిడే కళ్ళు తుడుచుకుని లేచింది. "సర్లే, పొద్దున్నించీ ఏం తిన్నారో ఏమో. రండి, అన్నం తిందురుగాని" అంది. ఒక్క మాట అనలేదు నన్ను. అంటే బాగుండేది.

నీళ్ళు మార్చాక మిగిలినవి బతికాయి. అత్త ఇప్పుడు లేదు, భాయ్ గారూ లేరు. నిన్న ల్యాబుకెళ్ళి చూస్తే ఆ అమ్మాయి స్లైడులోని చుక్కలు గుండ్రంగా, చుట్టూ గోడతో, నిజమైన పరాన్నజీవిలాగే ఉన్నాయి. అయినా మొప్పలు కూడా పెట్టి చూడమన్నాను. అదీ తేలాక, ఏ జాతో కనుక్కుని అప్పుడు రైతుకు చెబుదామన్నాను. "ఇంకో వారం ఆగాలా మేడమ్?" అని మొహం మాడ్చుకుంది. ఆగాలి తల్లీ. ఆ రోజు భాయ్ గారు క్యారేజీ తెరిచేదాకా ఒక్క పూట ఆగి ఉంటే, ఆ మూడు బస్తాల గుల్లలూ అత్త చెరువులో ఇంకొన్నాళ్ళు నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉండేవి.