నిండుకున్నాయన్న ఊరికి

మా కర్నూలు హైస్కూల్లో సంఘాలకు కొదవ లేదు. స్టాంపుల సంఘం, వక్తృత్వ సంఘం, అన్నిటికీ మించి విదేశీ మైత్రి సంఘం. అక్కడి పంతులుగా దీనికి పెద్దను నేనే. ఆ కరువు ఏడాది డెన్మార్క్‌లోని ఒక బడి పిల్లలు తమ మిఠాయి డబ్బులు కూడబెట్టి, మేము చెప్పిన పల్లెబడికి పాలపొడి డబ్బాలు పంపుతామన్నారు. పత్తికొండ అవతల, గంజి కేంద్రం నడిచే చిన్న బడిని ఎంచుకున్నాం. అక్కడ ఎలా ఉందని రాస్తే అయ్యవారి నుంచి కార్డు వచ్చింది: "గింజలు నిండుకున్నాయి." మద్రాసులో పెరిగిన మా కార్యదర్శి ప్రభాకర్, గింజలు నిండుగా ఉన్నాయనుకుని డెన్మార్క్‌కు అలాగే ఇంగ్లీషులో రాశాడు. కార్డు చూడకుండానే నేను సంతకం గీకాను. రెండు నెలలకు జవాబు వచ్చింది. చాలా సంతోషమట, డబ్బాలు వేరే దేశానికి పంపేశారట. అప్పుడు పాత కార్డు తీసి చూసుకున్నాను. బియ్యం అయిపోతే మా అమ్మ వాడే మాటే అది. సిగ్గుతో చచ్చిపోయాను.

తప్పు నా నోటితోనే చెప్పాలని, బజార్లో రెండు డబ్బాలు కొనుక్కుని ఆ శనివారమే బయలుదేరాను. పొద్దున ఏడింటి బస్సు కోడుమూరు మీదుగా పత్తికొండ చేరేసరికి పదకొండు దాటింది. టిక్కెట్టు రెండు రూపాయల చిల్లర. అక్కడినుంచి బండి దొరుకుతుందా అని డ్రైవరును అడిగాను. "బండ్లుండాయి, ఎద్దులు యాడుండాయప్పా? అందరూ అమ్ముకున్యారు" అన్నాడు. రెండు కోసులు నడిచాను. దారి పొడుగునా చేలల్లో గడ్డిపోచ లేదు.

బడికి తాళం. పిల్లలు లేరని అయ్యవారిని వేరే ఊరికి మార్చారట. ఆ సంగతి చెప్పింది ఈరమ్మ, గంజి కాచిన ముసలామె. వసారాలో ఒక్కతే కూర్చుని ఉంది.

"పాలొస్తాయని పిల్లోళ్లు దినామూ రోడ్డుకాడికి పోయి బస్సు చూసొస్తాండ్రి. ఇంగ తాళలేక ఊరంతా కాలవ పనికి ఎల్లిపాయ. నా మనమరాలు సుంకి శానా నీరసంగా ఉండాది. యాడిదాకా నడిచిందో ఏమో."

జరిగింది చెప్పాను. తప్పు నాదేనన్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. ఆమె మాత్రం నన్నే అడిగింది.

"ఇంగేమని రాయాల అయివోరా? గింజలు లేవని నోటితో అనకూడదు గదా."

డబ్బాలు ఆమె చేతిలో పెడితే, పిల్లలు వచ్చాక కలుపుతానని చల్లారిన పొయ్యి పక్కన దాచింది. ఒకటి తెరిచి కలుపుకుని తాగమని ఎంత బతిమాలినా వినలేదు. బయలుదేరే ముందు, ఇంట్లో నీకేమైనా ఉందా అమ్మా అని అడిగాను. తలుపు వైపు చూసి, "నిండుకున్యాయప్పా" అంది.

తిరుగు బస్సులో నాకు డెన్మార్క్ పిల్లల మీద గాని, ప్రభాకర్ మీద గాని కోపం రాలేదు. నా సంతకం మీద వచ్చింది. డెన్మార్క్‌కు మళ్లీ రాశాను, ఈసారి నా చేత్తో. డబ్బాలు వచ్చినా తాగడానికి ఆ ఊళ్లో ఎవరున్నారు? సుంకి సంగతి ఈనాటికీ తెలియలేదు.

ఈ దారిన వెళ్లేవారికి ఒక్క మాట. మీ సద్ది, మీ నీళ్లు కర్నూలులోనే కట్టుకోండి, ఇంకొకరికి సరిపడా కట్టుకోండి. అక్కడ ఎవరినీ ఏముందని అడగవద్దు, మూట విప్పి ముందు పెట్టండి.