తడారని చేని గడ్డి

మా పశువుల పాకలోకి బయటి గడ్డి ఎప్పుడూ రాలేదు. మా చేని గడ్డే, మా ధాన్యం ఆడిస్తే వచ్చిన తవుడే, మా వంటింటి కుడితే. పేడ మళ్లీ మా చేలోకే పోతుంది. మూడో తరగతిలోనే ఇంట్లోవాళ్లు బడి మానిపించిన మనిషిని గాని, ఇల్లు ఎలా నడపాలో ఒకరిచేత చెప్పించుకునే మనిషిని కాను. దెందులూరు దాటి కొల్లేటి వైపు దిగితే వచ్చే మా ఊళ్లో నన్ను పిసినారి అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అననివ్వండి.

మా గేదె పెంటపాడు గేదె. నా పెళ్లికి ఆ ఊళ్లోని నా పుట్టింటి నుంచి మా అమ్మ తోలించిన గేదెకు కూతురు, దాని కూతురు, అలా దిగుతూ వచ్చి మా పాకలో ఇదొక్కటి మిగిలింది. అమ్మ పెట్టిన బంగారం ఎప్పుడో చేలో కరిగిపోయింది. ఈ వరసొక్కటే నిలిచింది. ఇదీ ముసలిదైపోతోంది. దీనికో పెయ్యదూడ దక్కితే వరస సాగుతుంది, లేకపోతే నా కళ్లముందే తెగిపోతుంది అనుకునేదాన్ని.

అప్పటికే రెండు ఈతలు పోయాయి. మొదటి దూడ నిలబడలేకపోయింది. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ తల్లి పొదుగు దాకా వెళ్లలేక ప్రాణం వదిలింది. ఈనాక గేదెకు పడాల్సిన మాయ పడలేదు, చెయ్యి పెట్టి తీయించాం. రెండోసారీ అంతే. ఊళ్లోవాళ్లు దిష్టి అన్నారు. నాకలాంటి నమ్మకాలు లేవు. ముసలి గేదె కదమ్మా అన్నాడు మా అబ్బాయి. ముసలిదైతే దీని తోడబుట్టింది, పెయ్యగా ఉన్నప్పుడు మా తమ్ముడికిచ్చింది, పెంటపాట్లో వాడింట్లో ఉంది కదా, దాని దూడలు పుట్టిన పూటకే గెంతుతున్నాయి.

మా మరదలు ఫోన్ చేసేది. "ఏవండీ వదినగారూ, మా పెయ్య కుడితి గోలెం తన్నేసిందండీ!"

"కాళ్లున్నాయి కాబట్టి తన్నింది. కట్టేసుకో" అని పెట్టేసేదాన్ని.

గేదె మూడోసారి చూడి కట్టి నెలలు నిండుతుండగా మా పశువుల ఆసుపత్రికి కొత్త డాక్టరు వచ్చాడు. కుర్రవాడే. గేదెను చూసి, జరిగిందంతా విన్నాడు.

"మేతేం పెడుతున్నారు మామ్మగారూ?"

"గడ్డి."

"ఎక్కడి గడ్డండీ?"

"ఎక్కడిదేంటి బాబూ, మా చేనిదే. మా తవుడు. మా గట్టు మీద కోసిన పచ్చిగడ్డి."

మా కోడలు పాక బయటి నుంచి అందుకుంది. "అత్తయ్యగారి గేదెండీ అది. పక్కవాళ్ల గట్టు మీద పోచ కొరికితే ఇంటికొచ్చాక చీవాట్లు తింటుంది."

డాక్టరు నవ్వలేదు. చేను చూపించమన్నాడు.

మా చేనికి అటూ ఇటూ చేపల చెరువులే. ఇదివరకు కోతలయ్యాక నేల నెర్రెలిచ్చేది, నా పాదం ఇరుక్కునేంత నెర్రెలు. చెరువులు వచ్చాక రెండు పక్కలా ఊట పట్టి, ఎండాకాలంలోనూ అడుగేస్తే బుడగలొస్తాయి, కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. చెరువులు ఎండగట్టినప్పుడు అడుగున తీసే నల్లబురద చేలల్లో పోయించుకోవడం మా వైపు రివాజు. ఊరికే వచ్చే ఎరువు, ఎవరొదులుకుంటారు? నేనైతే ట్రాక్టరుకు అడ్డం నిలబడి మరీ మా చేలోకి తిప్పించేదాన్ని. ఊటకు చౌడు తేలితే జిప్సం చల్లించాను. చేను పచ్చగానే ఉండేది. అంతకన్నా ఏం కావాలి?

ఆయన మట్టీ గడ్డీ పట్టుకెళ్లి, తను చదివిన కాలేజీలో పరీక్ష చేయించాడు. ఫలితం వచ్చాక మా అరుగు మీద కూర్చుని చెప్పాడు.

"సెలీనియం అని ఒకటుందండీ. వేలికొసకు అంటినంత కూడా అక్కర్లేదు, కానీ అది లేకపోతే దూడకు కండ పాడవుతుంది, తల్లికి మాయ పడదు. మీ గడ్డిలో అది దాదాపు లేదు."

"మా మట్టిలో లేదా?"

"మట్టిలో ఉందండీ. గడ్డికే అందట్లేదు."

నాకు ఒళ్లు మండింది. ఇంట్లో ఉన్న సరుకు ఇంట్లోవాళ్లకు అందకపోవడమేంటి? ఆయన ఓపిగ్గా చెప్పాడు. నేల ఆరి గాలి తగిలితే అది తడిలో కరిగి వేరుకు అందుతుందట. ఎప్పుడూ నానుతూ ఉండే నేలకు ఊపిరాడదు. అప్పుడది కరగని రూపంలోకి మారి మట్టికి అంటుకుపోతుంది. మాది జిగట నల్లమట్టి, పట్టింది వదలదు. కుళ్లుబురద ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. జిప్సంలో గంధకం ఉంటుంది, వేరులోకి రెంటికీ దారి ఒకటే. గంధకం గుంపుగా దూరిపోతే మిగిలిన ఆ కాస్తా బయటే ఉండిపోతుంది. మా తమ్ముడి చేను కోతలయ్యాక ఆరుతుంది. అదే వరి, అదే తల్లి గేదె, తేడా నేలలోనే ఉంది.

"ఇదొక్కటే కారణమని ఒట్టేసి చెప్పలేను. లక్షణాలు మాత్రం ఇవే" అన్నాడు.

"మరి మేమూ ఆ చేని గింజలే తింటున్నాం కదా?"

"మీరు చేపలు తింటారు, గుడ్లు తింటారు, సంతలో కూరలు తెచ్చుకుంటారు. మనిషికి నాలుగు నేలల తిండి వస్తుంది మామ్మగారూ. మీ గేదెకు ఒక్క నేలే."

"ఆ మందేదో చేలోనే చల్లితే?"

"ఈ మట్టి దాన్నీ పట్టేస్తుంది. పోనీ అని ఎక్కువ చల్లితే విషమవుతుంది. చేను ఆరాలండీ."

చేను ఆరాలంటే చెరువులు పోవాలి. ఇంతలో గట్టు అవతల చెరువులో నీళ్లకు గాలి పట్టించే చక్రాలు తిరగడం మొదలైంది, చప్పుడు మా అరుగు దాకా వచ్చింది.

గేదెకు సూది వేశాడు. కుడితిలో కలపమని పొడి రాశాడు. బయటి పొడే. కొనిపించి నా చేత్తోనే కలిపాను. ముందే మొదలుపెట్టాల్సింది, అయినా చూద్దాం అన్నాడాయన.

తెల్లారుతూ ఈనింది. పెయ్య. నా మోకాలికి ఆనుకుని నిలబడింది, వణుకుతూనే పొదుగందుకుంది. మా కోడలు జున్ను వండి వీధంతా పంచింది. గిన్నెలు తిరిగి లెక్కగా రావాలన్నాను.

డాక్టరు దూడకూ సూది వేశాడు. "పరిగెత్తనివ్వకండి మామ్మగారూ. గుండె కూడా కండే. అది ఎంత దెబ్బతిందో పైకి తెలీదు."

పొట్టి పలుపుతో కట్టాను. రోజూ కాస్త కాస్త కాళ్లు కుదురుకుంటున్నాయి. ఓ రోజు పొద్దున్న గేదెను నీళ్లకు తోలి వెనక్కి తెస్తున్నాడు మా అబ్బాయి. వీధి మలుపులోనే అది దూడ కోసం అరిచింది. పెయ్య మెడ గుంజుకుంది, పలుపు జారిపోయింది. తోకెత్తి పరిగెత్తింది. ఇన్నేళ్లకు మా వాకిట్లో ఒక దూడ పరిగెత్తడం చూశాను. ఆపమని అరవాల్సింది పోయి నవ్వాను. తల్లి ముంగాళ్ల దగ్గరికి వెళ్లి పడిపోయింది. నేను వెళ్లేసరికి కళ్లు తెరిచే ఉన్నాయి, ఊపిరి లేదు. గేదె దాన్ని నాకుతూనే ఉంది.

మరదలు ఫోన్లో ఏడ్చింది. "మా పెయ్యనొకదాన్ని పంపుతానండీ వదినగారూ. పొడి పెట్టి పెంచుకోండి."

"వద్దు. దాన్ని ఆ నేల మీదే ఉండనీ."

ఈనిన పూట మాయ ఈసారీ పడలేదు. దాంతో గర్భసంచి పాడైంది, ఇక చూడి కట్టదని చెప్పాడు డాక్టరు. పాలు ఎండిపోయాయి. దాన్ని అమ్మలేదు, ఆ పొడి కలిపిన కుడితే తాగుతూ పాకలో పడి ఉంది. చేను చెరువుకిచ్చేద్దామని మా అబ్బాయి ఏళ్ల తరబడి అడుగుతుంటే కాదంటూ వచ్చాను. మొన్న మళ్లీ అడిగాడు. సరే అన్నాను. వచ్చే వేసవికి తవ్వుతారట.

ఆఖరి పంట గడ్డి పెరట్లో మేటు వేసి ఉంది. పక్కింటావిడ వచ్చింది. "ఏవండీ పిన్నిగారూ, మీ ఒక్క గేదెకు ఇంత మేటెందుకండీ, మాకివ్వండి. ఊరికే కుళ్లిపోతుంది."

"మీ గేదె చూడితో ఉంది కదూ?"

"అవునండీ."

"అయితే వద్దు."

మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. నా పిసినారితనం గురించి ఈపాటికి వీధంతా చెప్పే ఉంటుంది. రాత్రి నుంచి వాన. మేటు మీద కప్పే పట్టా పాకలో మడత పెట్టే ఉంది. అత్తయ్యగారూ, గడ్డి తడుస్తోంది అని మా కోడలు రెండుసార్లు పిలిచింది. నేను లేవలేదు.