ఇరవై ఎనిమిదో రోజు

నలభై ఆరేళ్ల వయసులో న్కాండు కపెంబ్వాకు చదువు పిచ్చి పట్టిందని కిట్వే పట్నం రోడ్ల ల్యాబులో అందరూ నవ్వుకున్నారు. పోనీ జీతం పెంచే చదువా అంటే అదీ కాదు. వృత్తి నీతిలో పీజీ. ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం పెట్టిన కోర్సు. మూడు నెలలకోసారి రాజధాని లుసాకాలో వారం క్లాసులు, మిగతాదంతా ఇంట్లో కూర్చుని రాసి పంపడమే.

"నీతి నేర్చుకోడానికి బస్సెక్కి అంత దూరం పోవాలా అక్కా? మా అమ్మ తెడ్డుతో నాలుగు తగిలించి ఒక్క పూటలో నేర్పేసింది" అనేది మ్వాపె. ల్యాబులో ఇసుక, కంకర జల్లించి చూడడం ఆమె పని. నోటికి తాళం లేదు.

నిజానికి న్కాండు అందులో చేరింది నీతి కోసం కాదు. అమ్మ పోయాక ఇంట్లో పలకరించే మనిషి లేదు. పెళ్లి నిలవలేదు, పిల్లల్లేరు. సాయంత్రాలు గడవాలి కదా, అందుకని చేరింది.

ల్యాబులో పని ఇంతే. రోడ్లకీ కల్వర్టులకీ పోసే కాంక్రీటులోంచి కొంత తీసి దిమ్మలు చేసి పంపుతారు. వాటిని నీళ్లలో నానబెట్టి, పోసిన ఇరవై ఎనిమిదో రోజున యంత్రంలో పెట్టి నలిపి, ఎంత బరువుకు పగిలాయో రిజిస్టరులో రాయాలి. ముందు రోజు కుదరదు, తర్వాతి రోజూ కుదరదు. ఈ సంగతి ఆమెకు మొదట చెప్పింది బాషి చోంబా. డిగ్రీ పట్టుకుని కొత్తగా వచ్చిన న్కాండు దిమ్మను వంకరగా పెడితే, "మీ పుస్తకంలో నిలబడుతుందేమో గానీ ఇక్కడ పడుతుందమ్మా" అని చెయ్యి పట్టుకుని సరిచేసిన టెక్నీషియన్ ఆయనే. ఇరవై ఏళ్లలో ఆమె ల్యాబు అధికారి అయింది, ఆయన టెక్నీషియన్‌గానే ఉండిపోయాడు. ఆమె మాత్రం బాబాయ్ అనే పిలిచేది.

కోర్సు రెండో విడతలో ప్రొఫెసరు ఒక పని ఇచ్చింది. మీ ఆఫీసులో మీరు చూసిన తప్పు ఒకటి రాయండి, పేర్లు మార్చండి, మీరేం చేశారో చెప్పండి అని. న్కాండు పాత రిజిస్టర్లు ముందేసుకుని కూర్చుంది. ఒక వాగు కల్వర్టు దిమ్మలు జూన్ పద్నాలుగున నలిపినట్టు బాషి చోంబా చేతిరాత కనిపించింది, కింద తన సంతకం. తేదీ మళ్లీ చదివింది.

అమ్మను పూడ్చింది జూన్ పద్నాలుగునే. ఆ రోజు ల్యాబుకు తాళం. తోటి మనిషి తల్లి పోతే పనికి వెళ్లినవాణ్ని మావాళ్లు మనుషుల్లో జమకట్టరు. మ్వాపె రెండు రోజులు చావింట్లో చాప మీదే పడుకుంది. బాషి చోంబా పార పట్టుకుని గోతిలో దిగాడు.

"బాబాయ్, ఈ దిమ్మలు ఎప్పుడు నలిపారు?" అని అడిగింది.

"ముప్ఫయ్యో రోజున. వచ్చి చూసేసరికి గడువు దాటింది. గట్టిగానే ఉన్నాయిలే తల్లీ. కాగితం మీద రెండు రోజులు వెనక్కి జరిపాను" అన్నాడు. దాచాలన్న ఆలోచన కూడా ఆయనకు లేదు.

రిటైరవడానికి ఆయనకింకా ఐదు నెలలు. న్కాండు నాలుగు రోజులు కొట్టుమిట్టాడింది. ఐదో రోజు తప్పు తేదీ కొట్టేసి అసలుది వేసి, పై ఆఫీసుకు తెలియజేసింది. టెక్నీషియన్ ఆ రోజు వ్యక్తిగత కారణాలతో పనికి రాలేదని అందులో రాసింది. కోర్సుకు పంపిన వ్యాసంలోనూ అదే రాసింది. పేర్లు మార్చమన్నారు, ఈమె కారణం కూడా మార్చేసింది.

వ్యాసానికి మంచి మార్కులొచ్చాయి. ప్రొఫెసరు దాన్ని క్లాసులో చదివి వినిపించింది. ఇక్కడ బాషి చోంబాకు హెచ్చరిక ఉత్తరం వచ్చింది, ముప్ఫై మూడేళ్ల సర్వీసులో మొదటిది.

ఎవరూ గొడవ పడలేదు. మధ్యాహ్నం ల్యాబు వెనక కుంపటి మీద మొక్కజొన్న పిండితో ఎన్‌షిమా ముద్ద వండుకుని, చుట్టూ కూర్చుని ఒకే పళ్లెంలో చేతులు పెట్టి తినడం మా దగ్గర అలవాటు. ఉత్తరం వచ్చిన మర్నాడు మ్వాపె విడిగా ఒక పళ్లెం మూతపెట్టి తెచ్చి న్కాండు బల్ల మీద పెట్టింది.

"మీరు ఆఫీసరు కదా మేడం, మాతోపాటు కింద కూర్చుంటే ఏం బాగుంటుంది?"

అక్కను కాస్తా మేడంను చేసేసింది. చేపల కూర మాత్రం ఎప్పటికన్నా ఎక్కువే వేసింది. అలాంటి మర్యాద కన్నా నాలుగు తిట్లు నయం. న్కాండు ఆ మిగిలిన నెలలన్నీ కిటికీలోంచి వాళ్ల నవ్వులు వింటూ ఒంటరిగా తింది. చాలా రోజులు సగం వదిలేసింది.

బాషి చోంబా చివరి రోజున తాళాలు అప్పజెప్పడానికి ఆమె గదికి వచ్చాడు.

"నా మీద కోపమా బాబాయ్?"

"తేదీ దిద్దినందుకా? దిద్దమని నేర్పిందే నేను. వదిలేసి ఉంటే నాకే నామోషీ."

"మరి?"

ఆయన జేబులోంచి ఉత్తరం తీసి, మడత విప్పి, ఒక వరుస మీద వేలు పెట్టాడు. "వ్యక్తిగత కారణాలట. ఇది చదివినవాడు నేను తాగి ఎక్కడో పడున్నాననుకోడూ? ఆ రోజు నేనెక్కడున్నానో నీకు తెలుసు తల్లీ. అదెందుకు రాయలేదు?"

ఎందుకు రాయలేదో ఆమెకు తెలుసు. అది రాస్తే మిగతాదీ రాయాలి. దిమ్మల సంగతి వేరే ల్యాబుకు అప్పజెప్పకుండా సెలవు పెట్టింది తను. తిరిగొచ్చాక తేదీ చూడకుండా సంతకం పెట్టిందీ తనే. అంత పెద్ద క్లాసులో ఈ అధికారి ఆ రోజు ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు, ఆమె కూడా ఊరుకుంది. తాళాలు అందుకుంది. ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే న్కాండు రిజిస్టరు తీసి, దిద్దిన తేదీ పక్కన రాసింది: "ఆ రోజు ల్యాబు మూసి ఉంది. అందరూ మా అమ్మను పూడ్చడానికి వచ్చారు. బాషి చోంబా గొయ్యి తవ్వారు. ఏర్పాటు చెయ్యాల్సింది నేను, చెయ్యలేదు. చూడకుండా సంతకం పెట్టాను." దాని నకలు పై ఆఫీసుకూ, ప్రొఫెసరుకూ పంపింది.

మూడు వారాలకు ఆమెకూ ఉత్తరం వచ్చింది. ఆయనకు వచ్చిన మాటలే, పేరొక్కటే మారింది. అప్పటికి బాషి చోంబా సామాను లారీకెత్తించి లువింగు అవతల మారుమూల సొంతూరికి వెళ్లిపోయాడు. అక్కడ ఫోను అందదని మ్వాపె చెప్పింది, ఇంకా మేడం అని పిలుస్తూనే చెప్పింది.

న్కాండు ఉత్తరం రెండుసార్లు చదివింది. సిగ్గు కన్నా ముందు గుండె తేలికపడింది. ఎవరికైనా చూపించాలనిపించి లేచి తలుపు దాకా వెళ్లింది. ఎవరికి చూపించాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.