దసరాకు కడిగిన ఫిల్టర్

మిర్యాలగూడల సముద్రం పెట్టుకోవాలన్న బుద్ధి ఎవరికన్న పుడతదా? నాకు పుట్టింది. తొంభైల నడుమ, జూనియర్ కాలేజీల జువాలజీ చెప్పుకుంట కిరాయి ఇంట్ల ఉంటున్న రోజులు. హైదరాబాద్‌ల ఒక దుకాణంల ఉప్పునీళ్ల చేపలను, రాయిని పట్టుకొని ఊగే పగడాలను చూసి వచ్చినంక ఇగ నాకు అన్నం సయించలేదు.

నీళ్లకు తిప్పలు పడలేదు. మా ఇంటి ఓనరు బియ్యం లారీలు సముద్రం దిక్కు పోతుండె. వచ్చేటప్పుడు డ్రైవర్లు క్యాన్ల నిండ నీళ్లు తెచ్చి పెట్టేటోళ్లు. తిప్పలంత ఫిల్టర్‌తోనే. చేపల మురికిల పుట్టే అమ్మోనియా ఆ చేపలనే చంపుతది. దాన్ని తినే సూక్ష్మజీవులకు ఫిల్టర్‌ల ఒక ఇల్లు కట్టియ్యాలె. ఇసుక కింద జాలీ పెడితే చౌక. కానీ కరెంటు పోయిందంటే గాలి ఆడక అవన్నీ చస్తయి. మా కరెంటు సంగతి ఎరుకే కదా! సముద్రంలనుంచి సూక్ష్మజీవులు పట్టిన, ప్రాణమున్న రాళ్లు తెచ్చి పేరుస్తే ఇంక మంచిదంటరు. ఆ రాళ్లు తడి ఆరకుండ ఇక్కడిదాక వచ్చేదెట్ల? మూడు నెలలు నోట్‌బుక్ నిండ బొమ్మలు గీసిన. స్టాఫ్‌రూంల నన్ను చూస్తేనే అందరు పేపరు అడ్డం పెట్టుకునేటోళ్లు.

ఆఖరికి తేల్చిన. గాజు తొట్టి మీద ఒక బకెట్, మోటరు ఎక్కించే నీళ్లు దాంట్లనుంచి చుక్కచుక్క మళ్ల తొట్టిల కారాలె. కరెంటు పోయినా లోపల తడి ఉంటది, గాలి ఉంటది, సూక్ష్మజీవులు బతుకుతయి. బకెట్ల నింపనీకి గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు. మా ఊర్ల దొరికింది చాలక సూర్యాపేట పోయి ఒక దుకాణంల ఉన్నదంత కొన్న. దుకాణపాయన ఆగలేక అడిగిండు, "సార్, మీ ఇంట్ల గన్ని గిన్నెలున్నయా?" సూక్ష్మజీవుల గురించి చెప్పబోయిన. చిల్లర చేతిల పెట్టి పక్కకు తిరిగిండు.

ఇగ నలభై రోజులు చేపల్లేని తొట్టి. అందుల ఒక రొయ్య కుళ్లుతుంటే, దాని అమ్మోనియా తిని పీచుల సూక్ష్మజీవులు పెరగాలె. మా ఇంటామెది కోదాడ. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, "ఏమండీ, ఎవరైనా ఇంట్లో చేపల్ని పెంచుతారు, మీరు కంపు పెంచుతున్నారు" అన్నది. పీచుకు గోధుమరంగు జిగట పట్టిన రోజు ఆమెను చెయ్యి పట్టి గుంజుకొచ్చి చూపించిన. "ఇది మురికి కాదు, ఇదే ప్రాణం. దీన్ని ముట్టుకోవద్దు" అని గంటసేపు క్లాసు పీకిన.

తర్వాత చిన్న పగడం ముక్క, నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చేపల జంట వచ్చినయి. వారం తిరగకముందే అవి ఆమెవి అయిపోయినయి. ఆమె మేత వేస్తే వేళ్లకాడికి వచ్చేటియి. నేను పోతే రాయి ఎనుకకు ఉరికేటియి. అప్పటికి మాకు పిల్లల్లేరు. కరెంటు పోతే ఆమె స్టూలెక్కి, చెంబుతోటి తొట్టి నీళ్లు ముంచి బకెట్ల పోసుకుంట, కరెంటు మళ్ల వచ్చేదాక నిలబడేది. పొయ్యి మీద కూర మాడినా దిగకపోయేది. వాటితోటి ముచ్చట గూడ పెట్టేది, నాతోటికంటె ఎక్కువనే.

దసరా వచ్చింది. ఆయుధపూజకు స్కూటర్ కడిగిన, మిక్సీ తుడిచిన, కుట్టుమిషన్‌కు బొట్టు పెట్టిన. సాయంత్రం జమ్మి ఇయ్యనీకి స్టాఫంత మా ఇంటికి వస్తున్నరు, ప్రిన్సిపాల్ గూడ. మూలకు చూస్తే ఫిల్టర్ బకెట్, జిగట జిగట. ఇన్నాళ్లు నన్ను చూసి నవ్వినోళ్లు ఇది చూస్తే ఏమంటరు? ఆమె వంటింట్ల గారెలు వేస్తున్నది. పీచంత తీసి పెరట్ల నల్లా కింద వేసి, బ్లీచింగ్ వాసన గుప్పుమనే నీళ్లతోటి చేతులు మండేదాక రుద్దిన. ఎండల ఆరబోసిన. మళ్ల నింపి, బకెట్‌కు పసుపు రాసి, కుంకుమ పెట్టి దండం పెట్టిన. పదేండ్లు బోర్డు మీద అమ్మోనియాకు బాణాలు గీసిన మనిషికి ఆ గంటల ఒక్క బాణం గుర్తు రాలేదంటే అబద్ధం. వచ్చింది. ఒక్కనాటికి ఏమైతదిలే అనుకున్న.

"ఎంత నీట్‌గ పెట్టినవయ్యా!" అన్నడు ప్రిన్సిపాల్. నా ఛాతీ ఉబ్బింది. బొట్టు పెట్టిన బకెట్‌ను చూసి ఆమె గూడ మురిసింది. లోపల కడిగిన సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

మూడోనాటికి చేపలు నీళ్ల మీదికొచ్చి నోళ్లు తెరుస్తున్నయి. క్యాన్లల్ల ఉన్న నీళ్లన్ని మార్చిన. పగడం ముడుసుకపోయింది, పెద్ద చేప చచ్చిపోయింది, చిన్నది ఎట్లనో మిగిలింది. ఆమె చచ్చిన చేపను అరచేతిల పెట్టుకొని కూలబడ్డది.

"నేనే చంపేశానండీ. పండగ కదా అని మేత రెండు చిటికెలు ఎక్కువ వేశాను. నీళ్లు పాడైపోయాయి."

రెండు చిటికెలకు చేప చావదు. అది నాకు తెల్వదా? పీచు కడిగింది నేనే. మూడే మాటలు. సిగ్గు అడ్డమొచ్చింది, భయం అడ్డమొచ్చింది. ఆమె భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే, ఏడ్వకు. తెలిసి చేసినవా ఏంది?" అన్న.

ఆమెను క్షమించిన నేను!

మిగిలిన చేప ఇంక రెండేండ్లు బతికింది. ఆ రెండేండ్లు పొద్దున పొద్దున ఆమె ఎండు రొయ్యల పొడి అరచేతిల పరుసుకొని, పేపరు చదువుతున్న నా ముందట నిలబడేది. "ఏమండీ, ఇంత చాలా? ఎక్కువ కాలేదు కదా?" నేను కండ్లద్దాలు సర్దుకొని, జర వంగి చూసి, "కొంచెం తీసెయ్" అనేటోణ్ణి.