సులోచన మేడమ్ అడగని ప్రశ్న

ఎండాకాలం మొదలైందంటే మా ఆస్పత్రి హాల్లోకి కూలర్లు వస్తాయి. వాటిలో కొత్త గడ్డి తడిసిన వాసన రిజిస్ట్రేషన్ కౌంటర్ దాకా వచ్చేసరికి కీబోర్డు మీద నా వేళ్ళు ఒక్క క్షణం ఆగిపోతాయి. బోయిగూడలో చర్చి వెనక ఇలాంటి కూలరే ఉన్న రేకుల హాలు, గోడ వారగా పాత కంప్యూటర్లు, వాటి మధ్య చేతులు వెనక్కి కట్టుకుని నడిచే సులోచన మేడమ్ కళ్ళ ముందుకొస్తారు. ఆమెను తలుచుకుంటే ముందు గౌరవం కలగాలి. నాకు మాత్రం ముందు సిగ్గే వస్తుంది, గౌరవం దాని వెనకాల వస్తుంది.

అంతకు ముందు నేను యాప్రాల్‌లో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుని. వచ్చేపోయేవాళ్ళ పేర్లు పుస్తకంలో రాసేవాణ్ణి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాణ్ణి, నా దస్తూరీ బాగుంటుందని కొంచెం పొగరు కూడా ఉండేది. ఒకరోజు ఆ పుస్తకం తీసేసి చేతిలో ట్యాబ్ పెట్టారు. వచ్చినవాళ్ళ ఫోటో తీసి ఫ్లాటు నంబరు నొక్కితే లోపలివాళ్ళ ఫోనుకు కబురు వెళ్తుందట. నేను ఒకటి నొక్కితే అది ఇంకోటి అడిగేది. బళ్ళు ఆగిపోయి హారన్లు మోగుతుంటే డెలివరీకి వచ్చినవాళ్ళే నా చేతిలోంచి ట్యాబ్ లాక్కుని, వాళ్ళ పేర్లు వాళ్ళే కొట్టుకుని లోపలికి పోయేవారు. కాపలావాడికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది? ఎక్కువ రోజులు పట్టలేదు, నన్ను తీసేశారు.

ఇంట్లో చెప్పలేదు. మా అమ్మాయి మౌనిక అప్పుడు డిగ్రీ చదువుతోంది. ట్యాబ్ నొక్కడం రాక ఉద్యోగం పోయిందని దానికి ఏ ముఖం పెట్టుకుని చెప్పను? పెద్దవాళ్ళకు ఉచితంగా కంప్యూటర్ నేర్పి, ఉద్యోగాలకు కూడా పంపిస్తారని బోయిగూడ హాలు గురించి ఎవరో చెప్పారు. రోజూ ఎప్పటిలాగే యూనిఫాం వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని మౌలాలిలో బస్సెక్కి అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాను. జీతం రోజు వచ్చేలోపు ఏదో ఒక కొలువు దొరక్కపోతుందా అని నా ధీమా. యూనిఫాం తిరిగివ్వమని సూపర్‌వైజర్ చేసే ఫోన్లు ఎత్తడం మానేశాను.

మొదటి రోజు నన్ను చూసి అందరూ హాలుకు కొత్తగా పెట్టిన వాచ్‌మన్ అనుకున్నారు. ఒకావిడ తన చెప్పులు జెర చూస్తుండమని చెప్పి లోపలికి పోయింది. నేను తలూపి అక్కడే నిలబడ్డాను. సులోచన మేడమ్ బయటికొచ్చి, “మీరు నేర్చుకోవడానికే వచ్చారు కదండీ?” అన్నారు.

“అవును మేడమ్. డ్యూటీకి పొయ్యే ముంగట జెర టైముంటది. అందుకే వచ్చిన.”

“మంచిదండీ యాదగిరి గారూ, రండి, కూర్చోండి,” అన్నారు నా చొక్కా మీది పేరు చదివి.

గేటు దగ్గర నన్ను ‘ఏయ్’ అన్నవాళ్ళే ఎక్కువ. ‘గారు’ అనేసరికి నా అబద్ధం నాకే బరువైంది. మర్నాడు వెళ్ళేసరికి కిటికీ పక్కన మేకుకు ఒక హ్యాంగర్ వేలాడుతోంది. “యూనిఫాం చొక్కా దానికి తగిలించుకోండి. రేకుల కింద చెమటకు పాడైపోతుంది,” అన్నారామె. లోపల టీషర్టు ఉంది కాబట్టి విప్పి తగిలించాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా రోజూ ఖాళీగా కూర్చునే గార్డు ఏ గేటుకు ఉంటాడు? ఆమెకు తెలియదనుకుని పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు రోజులు గడిపాను.

ఆమె ఎవరి మౌస్ మీదా చెయ్యి వేసేవారు కాదు. నేను మౌస్ జరిపితే బాణం గుర్తు ఎటో పారిపోతుంటే పక్కనే నిలబడి, “తొందరేం లేదండీ, అది ఆ డబ్బా దాటి పోదు,” అనేవారు. మెల్లగా పేర్లు కొట్టడం వచ్చింది, మెయిల్ పంపడం వచ్చింది. అబద్ధం మాత్రం అలాగే ఉంది.

ఒక ఆదివారం సూపర్‌వైజర్ నేరుగా ఇంటికే వచ్చాడు. “ఏంది యాదగిరన్నా, నౌకరీ పొయ్యి ఇన్ని దినాలాయె, యూనిఫాం వాపస్ ఇయ్యవా?” అని గుమ్మంలోనే గట్టిగా అడిగాడు. మౌనిక లోపలికి వెళ్ళి, ఇస్త్రీ చేసి మడతపెట్టిన యూనిఫాం తెచ్చి అతని చేతిలో పెట్టింది. దాని ముఖంలో ఆశ్చర్యం లేదు.

“నీకు ఎర్కేనా?” అన్నాను అతను పోయాక.

“ఎప్పుడో ఎర్కే నాన్నా. నువ్వు ఫోన్ ఎత్తుతలేవని నాకు జేసిండు.”

“మరి రోజూ ఇస్త్రీ జేసి ఇస్తివి?”

“నువ్వు చెప్తలేవు గదా. నేనెట్ల అడగాలె?”

తల కొట్టేసినట్టయింది. నా అబద్ధానికి ముడతలు పడకుండా నా బిడ్డ ఇన్నాళ్ళూ ఇస్త్రీ చేసింది. ఆ తర్వాత నేను గడప దాటలేదు. హాలుకూ పోలేదు.

కొన్నాళ్ళకు మేడమే అడ్రసు కనుక్కుని వచ్చారు. మౌనిక చాయ్ ఇచ్చింది. నా సిగ్గు కాస్తా కోపమై ఆమె మీదికే పోయింది. “మీకు సుత మొదటి దినమే తెల్సు గద మేడమ్! హ్యాంగర్ ఎందుకు పెట్టిండ్రు? అడగొచ్చు గదా?”

ఆమె చాయ్ కప్పు కింద పెట్టారు. “అడగాల్సిందండీ. నేను రైల్వే ఆఫీసులో టైపిస్టుగా చేసేదాన్ని. కంప్యూటర్లు వచ్చాక, రాదని చెప్పలేక రోజూ కళ్ళజోడు మర్చిపోయానని చెప్పేదాన్ని. పక్క సీటావిడ నా పని చేసిపెట్టేది. అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. ఎంత మంచివాళ్ళో అనుకునేదాన్ని. ఆ మంచితనంలోనే ఉండలేక ముందే రిటైర్మెంట్ తీసుకుని ఇంటికొచ్చేశాను. కంప్యూటర్ నేర్చుకున్నది ఆ తర్వాతే. మీకు హ్యాంగర్ పెట్టి నేనూ అదే మంచితనం చేశాను. నాకు సిగ్గుగా ఉందండీ. ఇప్పుడు అడుగుతున్నాను. మీ ఉద్యోగం ఎందుకు పోయింది?”

మౌనిక తలుపు పక్కనే నిలబడి ఉంది. నేను నేల చూస్తూ, “ట్యాబ్ నడపరాలే మేడమ్. నాకు రాలే,” అన్నాను. అంతే, ఏడుపు వచ్చేసింది. మౌనిక వచ్చి నా పక్కన కూర్చుంది. మేడమ్ మిగిలిన చాయ్ తాగి, “రేపు పదింటికి రండి,” అని లేచారు.

మర్నాడు మామూలు చొక్కాతో వెళ్ళాను. తర్వాత మేడమ్ పంపితేనే ఈ ఆస్పత్రిలో ఉద్యోగ పరీక్షకు వచ్చాను. పేషెంట్ల వివరాలు కొట్టమన్నారు. “నాకు స్పీడ్ రాదు సార్, తప్పు మాత్రం పోనియ్య,” అని ముందే చెప్పేశాను. తీసుకున్నారు.

మేడమ్ పోయిన ఏడాది కాలం చేశారు. మా హాల్లో టోకెన్ ఇచ్చే మెషీన్ ఒకటుంది. దాని ముందు నిలబడి, “మీరు కానియ్యుండ్రి,” అంటూ వెనకవాళ్ళకు దారిస్తూ ఉండిపోయే మనిషి రోజుకొకరైనా కనిపిస్తారు. అది మర్యాద కాదు, రాదని చెప్పలేకపోవడమని నాకు తెలుసు. చూడనట్టు ఊరుకుంటే నాకూ హాయే. కానీ కౌంటర్ లోంచి లేచి వెళ్ళి, “అన్నా, ఇది నడపరాదా?” అని సూటిగా అడుగుతాను. ఆ ముఖం చిన్నబోతుంది. అబద్ధం ఒకటి వెతుక్కునే లోపే, లైన్లో ఉన్నవాళ్ళకూ కౌంటర్లో నాతో పనిచేసే కుర్రాళ్ళకూ వినబడేట్టు, “నాకు సుత రాకుండె. ఇట్లాంటిదాంతోనే నా నౌకరీ పోయింది,” అంటాను. అన్న ప్రతిసారీ నా చెవులు కాలిపోతాయి. ఆ మనిషి మాత్రం వెనక్కి జరగడం ఆపి, మెల్లగా వేలు ముందుకు చాస్తాడు.